వరండాలో కురిసిన వాన

మా అత్తయ్య పోయిందన్న కబురు నాకు తెనాలి స్టేషన్లో, బాపట్ల వెళ్లే రైలు కోసం నిలబడి టీ తాగుతుండగా వచ్చింది. ఆ శనివారం నేను ఎలాగూ ఆవిడ దగ్గరికే బయలుదేరాను. ఫోన్ చేసింది ఆవిడకు వంట చేసిపెడుతూ ఇంట్లోనే ఉండే ఆమె. "అక్కా, అమ్మగారు ప్రభువు దగ్గరికి ఎళ్లిపోయారు. కాఫీ తీసుకెళ్లి లేపితే లేవలేదక్కా" అంది. "సరే, వస్తున్నా, ఏడవకు" అన్నాను. టీ పూర్తిగా తాగాను. కప్పు చెత్తబుట్టలో వేశాను. రైలొచ్చింది, ఎక్కాను, కిటికీ పక్క సీటు దొరికితే కూర్చున్నాను కూడా. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, అయినవాళ్లు పోయినప్పుడు కాళ్ల కింద భూమి కదిలిపోయిందని అందరూ రాస్తారు. నా కాళ్ల కింద రైలు తప్ప ఏమీ కదల్లేదు.

ఆవిడను మర్నాడు రేపల్లె తీసుకెళ్లాం. అక్కడి సమాధుల తోటలో మామయ్య పక్కన చోటు ముందే అనుకున్నది. చర్చి అయ్యగారు ప్రార్థన చేశారు. స్త్రీల సమాజం వాళ్లు పాడారు. వెనక వరసలో ఒకావిడ శ్రుతి తప్పి చాలా గట్టిగా పాడుతోంది. నేను తల తిప్పి ఆవిడ ఎవరో చూడలేదు గానీ, మా అత్తయ్య బతికుంటే చూడకుండానే పేరుతో సహా చెప్పేసేది అనుకున్నాను. కాస్త నవ్వొచ్చింది కూడా. పక్కనున్నవాళ్లు నేను ఏడుపు ఆపుకుంటున్నానని నా భుజం తట్టారు.

తిరిగి వస్తుంటే సమాజం వాళ్లు, "అమ్మగారి గురించి నాలుగు మాటలు రాసివ్వమ్మా, జ్ఞాపకార్థ కూడికలో చదువుదాం" అన్నారు. వాళ్లు అడిగింది ఆవిడ సేవ గురించి. నేను రాస్తున్నది ఆవిడ హోం థియేటర్ గురించి. ఏం చేయను, నాకు గుర్తొచ్చేది అదే. చదివేవాళ్లు సర్దుకోవాలి.

అత్తయ్య మా నాన్నకు చెల్లెలు. రేపల్లెలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరు, చర్చిలో పాటల బృందానికి పెద్ద. పిల్లలు లేరు. మామయ్య కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరు. ఇద్దరూ రిటైరయ్యాక బాపట్లలో చిన్న ఇల్లు కట్టుకుని వచ్చేశారు. నేను తెనాలిలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేస్తాను. రెండు శనివారాలకొకసారి ఆవిడను చూసి రావడం నా అలవాటు. ప్రేమ అంటే ప్రేమ, పులుసు కూర కోసం అంటే అదీ నిజమే.

ఆవిడ చెవి సంగతి బళ్లో చదివినవాళ్లకందరికీ తెలుసు. బోర్డు మీద రాస్తూ, వెనక్కి తిరక్కుండానే, "మూడో బల్లలో గోడవైపు పిల్లా, ఆ మాటేదో మాక్కూడా చెప్పు" అనేదట. చర్చిలోనూ అంతే. మగవాళ్లవైపు నుంచి ఎవరైనా అర శ్రుతి దిగితే పాట అయ్యాక నేరుగా ఆయన దగ్గరికే వెళ్లి, "అన్నయ్యా, జలుబా?" అని అడిగేది. "గొంతు ఎక్కడుందో తెలిస్తే మనిషి ఎక్కడున్నాడో తెలిసినట్టే కదే, ఇందులో వింతేముంది" అనేది మళ్లీ.

ఆ చెవిని చూసే మామయ్య హోం థియేటర్ కొన్నాడు. డీవీడీల రోజులవి. గంపంత యాంప్లిఫయరు, ముందు మూడు బాక్సులు, వెనక గోడకు రెండు, మూలన నేల మీద ఒకటి. దడదడమనే శబ్దాలన్నీ ఆ నేల మీది దానివే. తెనాలి నుంచి ఆటోలో తెస్తే దారంతా ఒళ్లో ఒకటి, కాళ్ల దగ్గర రెండు పెట్టుకుని కూర్చున్నాడట. హాలు మధ్యలో అత్తయ్య పేముకుర్చీ. ఆ యాంప్లిఫయరులో ఒక బటన్ నొక్కితే ఒక్కో బాక్సు నుంచి వరసగా బుస్సుమని చప్పుడొచ్చేది. మామయ్య ఆవిడ కళ్లు మూయించి, "ఇప్పుడెక్కడ?" అనేవాడు. ఆవిడ వేలు పెట్టి చూపించేది. ఒక్కసారీ తప్పేది కాదు. అరవై దాటిన ఇద్దరు మనుషులు హాల్లో ఆ ఆట ఆడుకుంటుంటే, వీళ్లకేం పని లేదా అనుకునేదాన్ని.

సినిమా పెడితే మాత్రం ఆట కాదు. ముందు ఫ్యాను ఆపాలి. బాపట్ల ఎండాకాలం, హాలు ఆవిరి కుండలా ఉన్నా సరే, ఫ్యాను ఆపాల్సిందే. "చెమటైతే తుడుచుకోవచ్చు. ఒక మాట పోతే?" అనేది. ఇప్పుడు వెనక్కి తిప్పి వినొచ్చు కదా అంటే, "వెనక్కి తిప్పి వినేది పరీక్షకు చదివే పిల్లలు" అని కొట్టిపారేసేది. మేమంతా తడిసి ముద్దయ్యేవాళ్లం. ఆవిడకు మాత్రం చెమటే పట్టేది కాదు.

మామయ్య పోయాక ఆ సరదా కొంత తగ్గింది. తర్వాత డీవీడీ ప్లేయరు పాడైంది. టీవీ మారింది. కొత్త టీవీకి వెనక గుచ్చే స్టిక్ ఒకటి కొనిచ్చాను, ఇంటర్నెట్ పెట్టించాను, సినిమాలకు లోటు లేదు. అంతలో ఆవిడ కళ్లు దెబ్బతిన్నాయి. రెండు కళ్లలోనూ చూపు నడిమి భాగం పోయింది. అంచులు కనిపిస్తాయి, మధ్యలో మసక ముద్ద. గుమ్మం కనిపిస్తుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషి మొహం కనిపించదు. డాక్టరు ఇక్కడితో ఆగితే సంతోషం అన్నాడు. అత్తయ్య, "ఆగిందా లేదా నువ్వే చూసి చెప్పు నాయనా" అని లేచి వచ్చేసింది.

సినిమా అంటే నడిమి భాగమే కదా. మొహాలన్నీ అక్కడే ఉంటాయి. ఇక మిగిలింది చెవి. కానీ కొత్త టీవీ శబ్దం టీవీలోంచే వస్తుంది. "ఏంటే ఇది, అందరూ ఒకే కిటికీలోంచి మాట్లాడుతున్నారు. ఎవరెక్కడున్నారో ఎట్టా తెలిసేది?" అంది. వంటామె జాలిపడి పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. "ఇప్పుడా అబ్బాయి ఎళ్లిపోయాడమ్మా. ఇప్పుడా పిల్ల ఏడుస్తందమ్మా."

"ఏడుపు నాకు వినపడతంది. నువ్వెళ్లి వంకాయలు తరుగు" అంది అత్తయ్య.

తర్వాత నేను వెళ్లేసరికి టీవీ మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి ఉంది. పేముకుర్చీ గోడ దగ్గరికి పోయింది. ఏంటిదంటే, "చూసేవాళ్లు లేనప్పుడు దుమ్మెందుకు పట్టాలి, కప్పేశా" అంది మామూలుగా. అప్పటికే చర్చిలో పాటలు మానేసింది, పుస్తకం పట్టుకోలేక. మధ్యాహ్నాలు ఊరికే కూర్చుంటోందని వంటామె చెప్పింది. కాసేపటికి తనే అంది. "ఒకరు చెబితే గానీ నాకు తెలియని రోజొచ్చిందే. అన్నం కలిపి నోట్లో పెట్టినా ఊరుకుంటా గానీ, కథ కలిపి నోట్లో పెడితే ఊరుకోలేను." ఆవిడ గొంతు వణకడం నేను మొదటిసారి విన్నాను. నాకు భయమేసింది. ఈ మనిషి తనంతట తను చేసుకునే పని ఇదొక్కటే మిగిలింది, ఇదీ పోతే ఆ కుర్చీ ఇక గోడ దగ్గర్నుంచి కదలదు అనిపించింది.

అందుకే ఆ పాత బాక్సులను కొత్త టీవీకి కలిపే పని పట్టుకున్నాను. ఎలక్ట్రానిక్స్ నా సబ్జెక్టు కాదు, అయినా మొండితనంలో నన్ను మించినవాళ్లు మా ఇంట్లో లేరు, అత్తయ్య తప్ప.

మా తమ్ముడు ముందు చెప్పిన మాట, ఆ పాత సామానంతా తూకానికి వేసేసి టీవీ కింద పెట్టే పొడుగు స్పీకరు ఒకటి కొనమని. తనది ఒకటి తెచ్చి చూపించాడు కూడా. వెనక శబ్దాలు కూడా వెనక నుంచే వచ్చినట్టు ఉంటాయని షాపువాడు చెప్పాడట. అత్తయ్య పది నిమిషాలు విని, "వెనక ఉన్నానని ముందు నిలబడి చెబుతున్నాడురా వీడు. తీసుకెళ్లు" అంది. వాడు చంకన పెట్టుకుని పోయాడు.

పాత యాంప్లిఫయరుకు వెనక ఒక గుండ్రటి కన్నాల వరస, పక్కన చిన్న చతురస్రపు కన్నం ఉన్నాయి. టీవీ హెడ్‌ఫోన్ కన్నం నుంచి ఎరుపు, తెలుపు వైర్లు లాగి మొదట గుండ్రటివాటికి పెట్టాను. శబ్దం పెద్దదైంది, అంతే. కుడి, ఎడమ రెండే దారులు. తర్వాత ఆ చతురస్రపు కన్నానికి పెట్టే ఆప్టికల్ వైరు కొన్నాను. చివర ఎర్రగా వెలుగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మళ్లీ రెండే దారులు. స్టిక్ నుంచి వచ్చే శబ్దాన్ని టీవీ తనలోంచి బయటికి పంపేటప్పుడు రెండు దారులకు కుదించేస్తుందని అప్పుడు తెలిసింది. ఆ రెండింటినే అన్ని బాక్సుల్లోనూ మోగించే బటన్ ఒకటుంటే నొక్కాను. హాలంతా మోగింది. నేను విజయం సాధించినట్టు అత్తయ్య వైపు చూశాను.

"ముందున్నవాడే వెనకా ఉన్నాడు. ఇది ప్రార్థన కూడిక మైకే, సినిమా కాదు" అంది. బటన్ ఆపేశాను.

తెనాలి వచ్చాక వారం పాటు ఆఫీసులో పాలసీల మధ్య ఇదే చదివాను. చివరికి తేలిందేమిటంటే, శబ్దాన్ని టీవీలోకి పోనివ్వకూడదు. స్టిక్కుకూ టీవీకీ మధ్య చిన్న డబ్బా ఒకటి పెట్టాలి. స్టిక్ ఆ డబ్బాలో గుచ్చితే, బొమ్మ టీవీకి పోతుంది, శబ్దం విడిగా ఆప్టికల్ వైరులోంచి యాంప్లిఫయరుకు పోతుంది. డబ్బా తెప్పించాను. అది చేతికొచ్చేసరికి రెండు వారాలు గడిచాయి. ఈలోగా బాపట్లలో ఒక మంచి పని జరిగింది. మామయ్య పోయాక ఆగిపోయిన ఇంటి కూడిక అత్తయ్య ఇంట్లో మళ్లీ మొదలైంది. హాలు చాలక ఆడవాళ్లు వరండాలో, వాకిట్లో కూర్చున్నారట. "అందరికీ బాగా వినపడింది" అని అత్తయ్య ఫోన్లో చెబితే, మంచిదే అని ఊరుకున్నాను.

డబ్బా పట్టుకుని మధ్యాహ్నం రైలుకు దిగాను. గుచ్చాల్సినవన్నీ గుచ్చాను. బొమ్మ వచ్చింది, శబ్దం మొత్తం పోయింది. స్టిక్ సెట్టింగుల్లోకి వెళ్లాను. అది పంపేది కొత్త రకం శబ్దం, యాంప్లిఫయరుకు పాత రకమే తెలుసు. ఇప్పటి పిల్లల ఇంగ్లీషు మా పాత హెడ్మాస్టరుకు అర్థం కానట్టే. పాత రకమే పంపమని ఎంచుకున్నాను. అంతే, యాంప్లిఫయరు మొహం మీద చిన్న చిన్న గళ్లు వరసగా వెలిగాయి. ముందు మూడు, వెనక రెండు. "అత్తయ్యా, వచ్చేసింది!" అని అరిచాను. పేముకుర్చీ లాక్కొచ్చి మధ్యలో వేశాను, ఫ్యాను నేనే ఆపేశాను.

ఆవిడ కూర్చుంది. సినిమాలో వాన మొదలైంది. ఆవిడ తల ఒకవైపు వంచి చాలాసేపు విన్నది. "ముందు బాగుంది" అంది. "వెనక ఎవరూ లేరే" అంది.

స్టూలెక్కి వెనక బాక్సులకు చెవి ఆనించాను. చప్పుడు లేదు. వైర్లు పీకి మళ్లీ పెట్టాను. గళ్లు వెలుగుతూనే ఉన్నాయి, బాక్సులు మాత్రం మూగనోము పట్టాయి. నాకు ఒళ్లు మండిపోయింది. "మళ్లీ వెధవ వైరేదో తెగి చచ్చింది" అని తిట్టుకుంటున్నాను. అత్తయ్య, "పోనీలేవే, నువ్వు చాలా కష్టపడ్డావు" అంది మెల్లగా. ఆవిడ అలా మెత్తగా మాట్లాడితే ఆశ వదులుకున్నట్టు. తిట్టినా బాగుండేది.

అప్పుడు గేటు చప్పుడైంది. ఎదురింటి బాబాయిగారు వచ్చారు. చీరాల నుంచి వచ్చి ఇక్కడ చేనేత చీరల కొట్టు పెట్టుకున్నాయన. గొడుగు చేతిలో ఉంది, వేసుకోలేదు. గుమ్మంలో నిలబడి ఒకసారి ఆకాశంలోకి, ఒకసారి మా వైపు చూశారు.

"ఏంటమ్మా ఇది? మీ వరండాలో వాన పడతంది, మా మేడ మీద ఎండ కాస్తంది? మా ఆవిడ చప్పుడు విని పరిగెత్తుకెళ్లి వడియాలన్నీ ఎత్తేసింది. పచ్చి వడియాలు, గుడ్డకు అతుక్కుపోయి ముద్దయినయ్యి. నన్ను తిడతంది!"

అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ల వెంట నీళ్లొచ్చేదాకా, పొలమారేదాకా నవ్వింది. "ఒసేయ్, కూడిక స్విచ్చే! కూడిక స్విచ్చు!" అంది, మాట పెగిలాక.

సంగతేమిటంటే, కూడికలకు వచ్చే ఆడవాళ్లు వరండాలో కూర్చుంటారని మామయ్య అక్కడ చూరు కింద కూడా రెండు బాక్సులు బిగించాడు. తలుపు పక్కన స్విచ్చు బోర్డు మీద ఒక స్విచ్చు. పైకి నొక్కితే వెనక బాక్సుల శబ్దం హాల్లోకి, కిందికి నొక్కితే వరండాలోకి. కూడికకు ముందు కిందికి నొక్కడం, అయ్యాక పైకి నొక్కడం ఆయన పని. ఆయన పోయాక మొదటి కూడిక అది. కిందికి నొక్కాలని అత్తయ్యకు గుర్తుంది, పైకి నొక్కేవాడు లేడన్నది గుర్తు లేదు. సినిమాలో ముందు జరిగేదంతా హాల్లో, వెనక జరిగేదంతా వీధిలో మోగిందన్నమాట. మాటలు లేకుండా ఉత్త వాన, ఉత్త అడుగులు బాపట్ల ఎండలోకి పోయాయి.

"బాబాయిగారూ, ఉరుములు కూడా వినపడ్డాయా?" అని అడిగింది అత్తయ్య.

"ఉరుములా? మా పక్కింటోళ్ల కుక్క మంచం కింద దూరింది, ఇంకా రాలేదు."

ఆయనకు కాఫీ ఇచ్చి పంపాం. అత్తయ్య వడియాలకు పిండి రుబ్బించి పంపిస్తానని మాటిచ్చింది, మర్నాడే పంపించింది కూడా.

ఆ తర్వాత పోయే ముందు రోజు దాకా ఆవిడ సినిమాలు ఒక్కతే చూసింది. "చూశాను" అనే అనేది, "విన్నాను" అని ఎప్పుడూ అనలేదు. ఫోన్ చేసి కథంతా నాకే చెప్పేది. ఫలానావాడు మాట్లాడుతూ కిటికీ వైపు తిరిగినప్పుడే అబద్ధమాడుతున్నాడని తెలిసిపోయిందనేది. నేను అదే సినిమా చూసి, వాడు తిరిగాడని కూడా గమనించి ఉండను. ఆవిడ పక్కన మళ్లీ కూర్చుని చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆవిడ నాకు చాలా నేర్పింది. ఒక్కొక్కటిగా చెప్పలేను, కృతజ్ఞతలు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. ఇక్కడ చెబుతున్నాను.

రేపల్లె నుంచి తిరిగొచ్చిన సాయంత్రం బాపట్ల ఇంట్లో చుట్టాలంతా హాల్లో చేరారు. ఫ్యాను ఫుల్‌లో తిరుగుతోంది. ఎవరూ ఆపమనలేదు. నేను వెళ్లి ఆపాను. "ఏంటమ్మా, ఉక్కగా ఉంది" అన్నారెవరో. మళ్లీ వేశాను, వేసి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. బాగానే ఏడ్చాను.

ఇంతకీ ఆ మధ్యాహ్నం సంగతి పూర్తి చేయలేదు. బాబాయిగారు వెళ్లాక స్విచ్చు పైకి నొక్కి, సినిమా మళ్లీ పెట్టాను. వాన ఈసారి హాల్లోనే, మా చుట్టూ పడింది. తెర మీద ఒక గది, గదిలో ఇద్దరు. అందులో ఒకడు తెర పక్కకు తప్పుకున్నాడు, ఎక్కడికి పోయాడో నాకు తెలియలేదు.

"ఏడీ వాడు?" అన్నాను.

"మన వెనకాలే ఉన్నాడు. మాట్లాడకు" అంది అత్తయ్య.

నిజమే, గోడ దగ్గర అడుగుల చప్పుడు. నెమ్మదిగా మా వెనక నడిచి, కుడివైపు తిరిగి, ఆవిడ కుర్చీ పక్కగా ముందుకు వస్తున్నాయి. అత్తయ్య తెర వైపు చూడటం లేదు. కళ్లు మూసుకుని, కిందపెట్టిన కాఫీ గ్లాసు చేత్తో వెతికి పక్కకు జరిపింది. చాపుకున్న కాళ్లు దగ్గరికి తీసుకుని, చీర కుచ్చిళ్లు ఒద్దిగ్గా పట్టుకుని, అతను దాటి వెళ్లేదాకా అలాగే కూర్చుంది.